సమస్యయే గురువు

(మేడారమున విద్యుత్పని నేర్చుకొను విద్యార్థులును, వారి బోధకులును కూడిన సభలో చేసిన ప్రసంగము)



విద్యుత్పని విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని మమ్ము ఆహ్వానించితిరి. మేము యంత్రశాస్త్ర పండితులము కాము, పత్రికా రచయితలము. దీపము వెలుగుచున్నంత కాలము దానిని గూర్చి ఒక్క పంక్తియైనను వ్రాయము. ఆరిన మరునాడు సంపాదకీయము వ్రాయుదుము. ఈ లోపమును కొంత సవరించుకొను అవకాశము మీ వలన కలిగినందుకు కృతజ్ఞులము.

ఈ సభ మేడారమున జరుగుట మిక్కిలి యుచితము. కరవుకాలమున కప్పము కట్టుమన్న ప్రభువునకు తలవంచక పోరాడిన సమ్మక్క సారలమ్మల నేల యిది. పరుల దయపై బ్రతుకుటకంటె తన కాళ్లపై తాను నిలుచుట మేలని ఆ తల్లుల కథ తరతరములుగా మనకు బోధించుచున్నది. నేడట్లు నిలుచుటకు కత్తి యక్కరలేదు, పని తెలియవలెను. అందును, ఇంటింట పొయ్యిలోని నిప్పువలె విడువరానిదైపోయిన విద్యుచ్ఛక్తిని అదుపులో నుంచు పని తెలియవలెను.

మేడారము ములుగు జిల్లా తాడ్వాయి మండలములోని చిన్న పల్లె. ఓరుగంటికి సుమారు 100 కిలోమీటర్ల దూరమున, అడవి నడుమ నున్నది. రెండేండ్లకొకమారు మాఘపౌర్ణమి దినములలో కన్నెపల్లి నుండి సారలమ్మయు, చిలకలగుట్ట నుండి సమ్మక్కయు గద్దెలకు విచ్చేయుదురు. 2024 ఫిబ్రవరి 21 మొదలు 24 వరకు జరిగిన జాతరకు కోటిమందికి పైగా వచ్చిరని అధికారులు లెక్కగట్టిరి. నాలుగు దినములలో ఒక మహానగరము వెలసి, అయిదవనాడు మాయమగును. ఆ నగరపు వీథులకు దీపములు కావలెను. జంపన్నవాగు వద్ద స్నానములకు నీరెక్కించు మోటార్లు కావలెను. వైద్యశిబిరములకు, బెల్లపు దుకాణములకు, తప్పిపోయిన పిల్లలను గూర్చి కేకవేయు మైకులకు కరెంటు కావలెను. ఇందుకై స్తంభములు పాతుదురు, ట్రాన్సుఫార్మర్లు నిలుపుదురు, మైళ్లకొలది తీగలు లాగుదురు, జనము వెడలగానే విప్పుదురు.

ఇచ్చట మీరొక విశేషమును గమనింపవలెను. పదవ తరగతి ముగించినవారికి ఐ.టి.ఐ.లలో ఎలక్ట్రీషియను శిక్షణ రెండేండ్లు. జాతరయు రెండేండ్లకొకమారే. అనగా ఏ తరగతివారైనను తమ శిక్షణకాలములో ఒక జాతరను చూడక తప్పదు. ఇట్టి అదృష్టము ఎన్ని పాఠశాలలకు లభించును? విద్యుత్పనిలో నేర్వవలసిన సమస్తమును ఆ నాలుగు దినముల యేర్పాటులో నున్నది. ఆ విద్యార్థి యా జాతరకు పోయి, మ్రొక్కు చెల్లించి, మరలివచ్చి, మరునాడు తరగతిలో ట్రాన్సుఫార్మరు నిర్వచనమును కంఠస్థము చేయుచుండినచో లోపము విద్యార్థిది కాదు. అతని కన్నులయెదుట నున్న పాఠమును పాఠమని చూపనివారిది.

మన చేతిపని పాఠశాలలలో సాధారణముగా జరుగు బోధన యెట్టిదో మీ రెరుగుదురు. మొదట నిర్వచనము, తరువాత సూత్రము, పిదప నల్లబల్లపై పటము, ఆ వెనుక చెక్కపై పటము చూపినట్లే తీగలు కలుపుట. రెండు స్విచ్చులతో మెట్లదీపమును వెలిగించుట ప్రతి విద్యార్థియు చేసిన పనియే. దీపము వెలిగినది, మార్కులు వచ్చినవి. అయితే లోకములో ఎలక్ట్రీషియనును ఎవ్వరును వెలుగుచున్న దీపముకడకు పిలువరు. వెలుగని దీపముకడకు పిలుతురు. పాఠశాలలో అతడు చూచినవన్నియు సరియైన కూర్పులు. పాఠశాల వెలుపల అతనికి ఎదురగునవన్నియు చెడిన కూర్పులు. రెండేండ్లు రోగిని చూడక, ఆరోగ్యవంతులనే పరీక్షించి వైద్యుడైనవాని చేతికి మన నాడిని అందింతుమా?

ఇందుకు ప్రతిగా పెద్దలు చూపిన మార్గమొకటి కలదు. సూత్రము నుండి సమస్యకు పోవుటకు మారుగా, సమస్య నుండి సూత్రమునకు పోవుట. మొదట చెడిన యంత్రమునో, తీరవలసిన అక్కరనో విద్యార్థుల ముందుంచవలెను. అయిదారుగురు చొప్పున కూర్చుండి, మన కేమి తెలియును, ఏమి తెలియదు, తెలియనిదానిని ఎచ్చట వెదకవలెను, ఏమి కొలువవలెను అని తమలో తాము విచారించుకొనవలెను. ఊహించి, కొలిచి, ఊహ తప్పినచో మరల ఊహించి, తుదకు తాము కనుగొన్నదానిని బోధకుని యెదుట సమర్థించుకొనవలెను. కెనడా దేశమున మెక్‌మాస్టరు విశ్వవిద్యాలయము 1969లో తన వైద్యవిద్య నీ పద్ధతిపై ప్రారంభించినది. అచ్చటినుండి అది ఇంజనీరింగునకును, చేతిపని పాఠశాలలకును ప్రాకినది.

ఇది పరదేశపు సరకని యెవ్వరైన సంశయింతురేమో. సమస్యను ముందుంచి విద్యను పరీక్షించుట తెలుగువారికి క్రొత్త కాదు. అవధాన సభలో పృచ్ఛకుడు పొంతనలేనట్లు తోచు సమస్యాపాదము నొసగును. అవధాని తక్కిన మూడు పాదములతో దానికి అర్థము కుదుర్చును. ఛందస్సు తెలియనివాడు అచ్చట నిలువలేడు. ఛందస్సు మాత్రమే తెలిసినవాడును నిలువలేడు. మన విద్యుత్పనియు అట్టిదే. ఇక చేతిపనిని చదువుతో ముడివేయుటయో, బందరులో 1910లో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టుకొన్న ఆశయములలో నొకటి. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగార్లు కోరినది గుమాస్తాలను తయారుచేయు చదువు కాదు. 1937లో వార్ధాలో గాంధీమహాత్ముడు ప్రతిపాదించిన నయీతాలీముకును మూలము అదియే: చేతిలో పని, ఆ పనిలోనుండి బుద్ధి.

సిద్ధాంతము నింతటితో చాలించి, మీ పొరుగుననే యున్న మూడు సమస్యలను మీ ముందుంచెదము.

మొదటిది జాతర దుకాణము. ట్రాన్సుఫార్మరుకు 300 మీటర్ల దూరమున నొక బెల్లపు దుకాణదారుడు 100 వాట్ల పాతకాలపు బల్బులు 23 వ్రేలాడగట్టినాడు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ లాగినాడు. దీపములు నిప్పుకణికలవలె ఎఱ్ఱగా మిణుకుమిణుకుమనుచున్నవి. ఎందులకు? విద్యార్థి లెక్కవేయవలెను. అట్టి తీగకు కిలోమీటరునకు సుమారు 7.4 ఓముల నిరోధము. పోవుటకు 300, వచ్చుటకు 300, వెరసి 600 మీటర్లకు 4.4 ఓములు. 23 దీపములు 10 ఆంపియర్లు లాగినచో తీగలోనే 44 వోల్టులు హరించుకొనిపోవును. 230 బయలుదేరినచోట, చేరునది 186. అంతేకాదు, 440 వాట్లు తీగను వేడిచేయుటకే వ్యర్థమగును. నడినెత్తిన తాటాకు పందిరి, చుట్టును జనసమూహము! ఓము సూత్రము పరీక్షకొరకు కాదని విద్యార్థికి ఆ క్షణమున తెలియును.

మరి పరిష్కారమేమి? ఒక జట్టు 10 చదరపు మిల్లీమీటర్ల తీగ వేయుమనును. నష్టము 11 వోల్టులకు దిగును, ఖర్చు పెరుగును. రెండవ జట్టు ట్రాన్సుఫార్మరును చేరువకు తెమ్మనును. 11,000 వోల్టులతో కరెంటును దూరమునకు పంపుటలోని మర్మము వారికి అప్పుడు బోధపడును. మూడవ జట్టులో నెవడో మౌనముగా నున్నవాడు లేచి, "తీగ నేల మార్చవలెను? దీపములనే మార్చుదము" అనును. 12 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు 23 పెట్టిన 1.2 ఆంపియర్లు చాలును. అదే తీగపై నష్టము 5 వోల్టులు మాత్రమే. సమస్యకు సరియైన యుత్తరము లనేకము లుండవచ్చును. వానిలో నేది యెవరికి, ఎంత ఖర్చుకు, ఎన్ని దినములకు తగునో తేల్చుటయే పనివాని విజ్ఞత.

రెండవది కాలిన మోటారు. ఇది రైతు గుండె కాలు సమస్య. మూడు ఫేజుల మోటారునకు ఒక ఫేజు పోయినది. మోటారు వెంటనే ఆగదు. మూల్గుచు తిరుగుచునే యుండును. మోయవలసిన బరువు తగ్గలేదు గనుక మిగిలిన రెండు ఫేజులలో కరెంటు సుమారు ఒకటిముప్పాతిక రెట్లగును. 5 అశ్వశక్తుల మోటారు 7 ఆంపియర్లు తీసికొనవలసినచోట 12, 13 తీసికొనును. ఫ్యూజు పోవలెను గదా, ఏల పోలేదు? అందులో నెవరో ఫ్యూజు తీగకు మారుగా లావుపాటి రాగితీగను చుట్టి యుంచిరి. గంటలో చుట్టలు మాడినవి. రైతు మోటారును బండిమీద పట్నమునకు మోసికొనిపోయి, వైండింగునకు వేలరూపాయలు చెల్లించి తెచ్చి, మరల అదే పెట్టెకు కలుపును; మరల కాల్చుకొనును. కాలినది బాగుచేసినవారు కలరు గాని, ఏల కాలినదని అడిగినవారు లేరు.

ఈ మోటారును తరగతి బల్లమీద విప్పి చూడుడు. స్టారు కూర్పు మోటారైనచో రెండు ఫేజుల చుట్టలు నల్లబడి, ఒకటి క్రొత్తదివలె నుండును. డెల్టా కూర్పైనచో ఒకటి మాత్రమే మాడి, రెండు మిగులును. అన్నియు సమముగా మాడినచో దోషము ఫేజులో కాదు. పంపు బిగిసిపోవుటయో, వోల్టేజి తగ్గుటయో యని వెదకవలెను. కాలిన చుట్టయే సాక్ష్యము చెప్పును, చదువగలవాడు కావలెను. మోటారు వైండింగు దుకాణపు మేస్త్రీకి ఇది అనుభవముచే తెలియును. అట్టి మేస్త్రీని తరగతికి పిలిచి, గౌరవముతో కూర్చుండబెట్టి, ఆయన నోట వినుడు. ఆయన చెప్పినదానికి కారణమును లెక్కతో నిరూపించుట విద్యార్థుల వంతు. అనుభవమును శాస్త్రమును ఒకచోట చేర్చుటకు ఇంతకంటె మంచి దారి మాకు తోచదు.

మూడవ సమస్య ప్రాణములకు సంబంధించినది. 2023 జూలైలో జంపన్నవాగు పొంగి కొండాయి గ్రామమును ముంచి, ప్రాణములను హరించినది. వరద తీసిన పిమ్మట, నీట నానిన యింటికి దీపము మరల ఇచ్చుటెట్లు? తొందరపడి మెయిను స్విచ్చు వేసినవాడు, వరద విడిచినవారిని తాను చంపినవాడగును. మొదట ఇంటిని సరఫరానుండి వేరుపరుపవలెను. పెట్టెలు విప్పి ఆరబెట్టవలెను. 500 వోల్టుల మెగ్గరుతో తీగల నడుమను, తీగకును భూమికిని నడుమను కొలువవలెను. ఒక మెగోమునకు తక్కువ చూపినచో సరఫరా ఈయరాదు. ఈ వరుసను పుస్తకములో చదివినవాడు మరచును. బకెట్టు నీటిలో ముంచి తీసిన స్విచ్చు బోర్డును తానే కొలిచి, ఆరబెట్టి, మరల కొలిచినవాడు జన్మమున మరువడు.

అదే యింటిలో మరియొక ప్రశ్న. ఎర్తింగు కలదు, భయమేమి యని యజమాని యనును. ఆ ఎర్తు నిరోధము 20 ఓములనుకొనుడు. ఫేజు తీగ మోటారు ఇనుప తొడుగునకు తగిలినచో, 230ని 20తో భాగింప 11.5 ఆంపియర్లు భూమిలోనికి పారును. 15 ఆంపియర్ల ఫ్యూజు పోదు! తొడుగు ప్రాణాంతకముగా నిలిచియేయుండును. మనుష్యుని గుండెను నిలుపుటకు ఆంపియరులో పదవవంతు కూడ అక్కరలేదు. ఎర్తు గుంటలో బొగ్గు, ఉప్పు వేసి, వేసవిలో నీరు పోసి నిరోధమును తగ్గించుట యొక యుపాయము. 30 మిల్లీఆంపియర్ల లీకేజిని పసిగట్టి తెగిపోవు బ్రేకరును పెట్టుట రెండవది. ఈ లెక్క వేసినవానికి భద్రతాసూత్రములను వల్లె వేయించు నక్కరలేదు. అడవిపందులకై పొలముగట్లపై కరెంటు తీగలు పరచి మనుష్యులను పశువులను బలిగొను దురాచారమును ఊరిలో నిలిచి ఎదిరింపగలవాడును అతడే. ఎందులకన అతడు చట్టమును మాత్రమే కాక కారణమును గూడ చెప్పగలడు.

ఈ పద్ధతిపై ఆక్షేపణలు కలవు. వానిని దాచుట న్యాయము కాదు.

పాఠ్యప్రణాళిక పెద్దది, కాలము చాలదందురు. నిజమే. అన్ని పాఠములను సమస్యలుగా మార్చుమని మేము కోరము. వారమునకొక్కటి చాలును. పై బెల్లపు దుకాణపు సమస్య యొక్కటియే ఓము సూత్రమును, శక్తినష్టమును, తీగల ఎంపికను, ట్రాన్సుఫార్మరు ప్రయోజనమును నాలుగు పాఠముల పెట్టున నేర్పినది గదా!

ఏమియు తెలియని పిల్లలను సమస్యలో త్రోసిన మునిగిపోవుదురందురు. ఇది బలమైన యాక్షేపణ. 2006లో కిర్ష్‌నరు, స్వెల్లరు, క్లార్కు అను ముగ్గురు విద్వాంసులు, ప్రారంభదశలోని విద్యార్థులకు దారిచూపక వదలు బోధన ఫలింపదని గట్టిగా వాదించిరి. వారి మాటలో సత్యము కలదు. ఈత నేర్పువాడు పిల్లవానిని బావిలోనికి దింపును గాని, నడుమునకు బెండ్లు కట్టియే దింపును. మొదటి నెలలలో పనిముట్లు పట్టు విధమును, కొలతలు తీయు విధమును నేరుగా చూపి నేర్పవలెను. సమస్యలు మొదట చిన్నవి, సూచనలు ఎక్కువ. పోను పోను సమస్యలు పెద్దవి, సూచనలు తక్కువ.

ప్రమాదమందురు. విద్యుత్తుతో ఊహించి చూతమను మాట చెల్లదు. తప్పు చేసినవానికి రెండవ అవకాశము ఈయని గురువది. కావున లోపములు కల్పించిన బోర్డులు 24 వోల్టులపై పనిచేయునవిగా నుండవలెను. అంతకు మించిన చోట సరఫరా ఆపి, ఆగినదని పరీక్షించి, బోధకుడు అనుమతించిన పిదపనే చేయి పెట్టవలెను. లైన్ క్లియరు తీసికొనక స్తంభ మెక్కరాదను నియమమును సమస్యలో నొక భాగముగా జేర్చవలెను. నియమమును మీరిన జట్టు, ఉత్తరము సరియైనను ఓడినట్లే.

తుదిది, పైకి ఎవ్వరును చెప్పని యాక్షేపణ. విద్యార్థి అడిగినదానికి బోధకునికి ఉత్తరము తెలియకున్న నేమగును? సోదర బోధకులారా, "నాకును తెలియదు, కలిసి కొలిచి చూతము" అను మాట గురుత్వమునకు కొరత కాదు. ఆ మాట విన్న విద్యార్థి, తెలియనిదానిని చూచి భయపడరాదని నేర్చుకొనును. రేపు అతడు ఒంటరిగా చెడిన మోటారు ముందు కూర్చుండునప్పుడు తోడుపడునది ఆ ధైర్యమే.

భాషను గూర్చి యొక మాట. ఈ ప్రాంతపు పిల్లలలో పలువురికి ఇంటి భాష కోయ. బడి భాష తెలుగు. యంత్రముపై వ్రాత ఇంగ్లీషు. జట్టుగా కూర్చుండి విచారించునప్పుడు వారిని తమ మాటలలో మాటలాడనిండు. "తీగ వేడెక్కినది, దీపము చిన్నబోయినది" అని కోయలో చెప్పినను శాస్త్రము శాస్త్రమే. అర్థమైన పిమ్మట పారిభాషిక పదమును అందింపుడు, అప్పుడది పేరగును. అర్థమునకు ముందే అందించినచో మంత్రమగును. అర్థము తెలియని మంత్రముతో దీపము వెలుగదు.

ఇక మేము కోరునవి నాలుగు. ప్రతి కార్యశాలలో లోపముల పుస్తకమొకటి యుండవలెను. ఊరిలో చెడిన ప్రతి మోటారు, ఫ్యాను, స్టార్టరు కథ, చెడిన కారణముతో సహా అందు చేరవలెను. సమస్యల గని అదియే. రెండవది, లోపము కల్పించిన బోర్డునిచ్చి, కనుగొన్న విధమును బట్టి మార్కు లీయవలెను. జవాబును గుర్తించు పరీక్షతో పనివాని నేర్పు తేలదు. మూడవది, విశ్రాంతి పొందిన లైన్‌మాన్లను, వైండింగు మేస్త్రీలను నెలకొకమారు తరగతికి పిలువవలెను. నాలుగవది, ప్రతి తరగతివారును తమ శిక్షణకాలములో వచ్చు జాతరను తమ పెద్ద సమస్యగా స్వీకరింపవలెను. జంపన్నవాగు నుండి గద్దెలవరకు ఒక వీథిని తీసికొని, దీపము లెన్ని, భారమెంత, తీగ యేది, ఎర్తు లెచ్చట, ఒక ట్రాన్సుఫార్మరు చెడినచో దారి యేది యని కాగితముపై సిద్ధము చేయవలెను. జాతరనాడు పోయి, నిజముగా జరిగిన యేర్పాటును చూచి, తమ లెక్కతో పోల్చుకొనవలెను. తప్పినచోట ఏల తప్పినదో వ్రాసి తరువాతి తరగతివారికి అప్పగింపవలెను. పది జాతరలు గడచునప్పటికి ఈ పల్లెలో ఎట్టి గ్రంథము సిద్ధమగునో ఊహింపుడు.

తమ్ములారా, చెల్లెండ్రారా, 1947లో పరప్రభుత్వము పోయినది. పరాధీనత యొక్కమారుగా పోవునది కాదు. మన ఊరి మోటారు చెడినప్పుడు పట్నమువైపు చూచుటయు పరాధీనతయే. పట్నమువాడు పెట్టె మార్చమన్నప్పుడు కారణ మడుగక మార్చుటయు పరాధీనతయే. చెడినదానిని విప్పి, ఏల చెడినదో కనుగొని, మరల చెడకుండ చేయగలవాడే స్వతంత్రుడు. జాతర రాత్రి వెలుగు దీపములక్రింద స్తంభములు మోసిన బిడ్డగా మాత్రమే కాక, ఆ దీపముల లెక్క వేసిన బిడ్డగా ఈ అడవిబిడ్డ నిలిచిననాడు తల్లుల మ్రొక్కు తీరినట్లు మేము భావింతుము. ఆ దినమును తెచ్చు పని మీ చేతులలో నున్నది. రేపటి తరగతిలో, నిర్వచనముతో కాక, ఒక చెడిన మోటారుతో పాఠమును మొదలుపెట్టుడు.